మఫ్లర్ వెడల్పెక్కుతోంది, అంచులు చుట్టుకుంటున్నాయి: ఏం చేయాలి?

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. రిటైరయ్యాక ఫోన్‌లో వీడియోలు చూసి ఉలన్ అల్లిక మొదలుపెట్టాను. ఢిల్లీలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్న మనవడికి మఫ్లర్ అల్లుతున్నాను. ఒక వరస నిట్ (నున్నటి కుట్టు), ఒక వరస పర్ల్ (బుడిపె కుట్టు) వేస్తున్నాను. 40 కుట్లతో మొదలుపెడితే రెండడుగులు వచ్చేసరికి 53 అయ్యాయి. అంచులు మెట్లుమెట్లుగా ఉన్నాయి, పైగా గొట్టంలా లోపలికి చుట్టుకుపోతున్నాయి. సరవుతుందేమోనని ఇస్త్రీ చేస్తే ఆ మేరకు జీవం లేనట్టు జారిపోయింది. వీడియోలో 8 నంబరు సూదులన్నారు, అవే కొన్నాను. దారం కూడా వాళ్లు చూపించినంత లావుదే. అయినా అల్లిక అట్టలా గట్టిగా వస్తోంది. అంతకుముందు కాటన్ దారంతో కోడలికి ఒకటి అల్లితే ఉతికి తీగ మీద ఆరేశాక జానెడు సాగింది. మిగిలిన ఉండలతో ఏం చేసుకోవచ్చు? మా వీధిలో నలుగురం కలిసి ఇలాంటివి చేసి అమ్మవచ్చా?

సమాధానం: అమ్మా, మీ చేతిలో లోపం చాలా తక్కువ. మీరు రాసిన ఇబ్బందుల్లో సూది నంబరు, ఎంచుకున్న కుట్టు, కాటన్ మఫ్లర్ సాగడం, ఈ మూడూ మొదటి కుట్టు సూదికెక్కకముందే నిర్ణయమైపోయినవి. చేతి వల్ల వచ్చింది కుట్లు పెరగడం ఒక్కటే. ముందు దాని సంగతి చూద్దాం. అది పోకపోతే మిగతావి సరిచేసీ లాభం లేదు.

రెండడుగులంటే సుమారు 160 వరసలు. అందులో 13 కుట్లు పెరిగాయంటే దాదాపు 12 వరసలకొకటి చొప్పున వచ్చి చేరుతోంది. అంచులు మెట్లుగా ఉన్నాయన్నారు కాబట్టి పెరిగేది వరస మొదట్లోనే. వరస అయిపోయి అల్లికను తిప్పినప్పుడు ఉండ నుంచి వచ్చే దారం మొదటి కుట్టుకు వేలాడుతూ ఉంటుంది. నిట్ వరసకు ఆ దారం వెనక్కి వెళ్లాలి. సూది కింద నుంచి తీసుకెళ్తే ఏ గొడవా లేదు. సూది మీదుగా లాగి వెనక్కి వేస్తే మాత్రం మొదటి కుట్టు పైకి లేచి, దాని రెండు కాళ్లూ రెండు కుట్లలా కనిపిస్తాయి. చూడటానికి అచ్చం రెండు కుట్లే. రెండింటిలోనూ సూది గుచ్చి అల్లేస్తాం, ఒకటి పెరుగుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లలో పదిమందికి తొమ్మిదిమంది దగ్గర వెడల్పు పెరగడానికి కారణం ఇదే.

మందు చిన్నదే. తిప్పిన వెంటనే వేలాడే దారాన్ని ఒకసారి మెల్లిగా కిందికి లాగండి, అప్పుడు మొదటి కుట్టు ఒక్కటిగా నిలబడుతుంది. నిట్ వరసైతే దారాన్ని సూది కింద నుంచి వెనక్కి, పర్ల్ వరసైతే ముందువైపే ఉంచి అల్లండి. ప్రతి వరస చివరా కుట్లు లెక్కపెట్టండి. 10 కుట్లకొకటి చొప్పున రంగు దారం ముడివేసిన చిన్న ఉంగరాలను సూది మీద పెట్టుకుంటే లెక్క సులువు. ఏ గదిలో 11 ఉన్నాయో చూడగానే తెలుస్తుంది, అంతా మళ్లీ లెక్కపెట్టక్కర్లేదు. ప్రతి వరసా లెక్కపెట్టడం విసుగే. కానీ తప్పు ఆ వరసలోనే దొరికితే ఒక్క కుట్టు విప్పితే చాలు. పది వరసల తర్వాత దొరికితే పది వరసలు విప్పాలి.

అంచున కాకుండా మధ్యలో పెరిగితే అక్కడ చిన్న చిల్లు కనబడుతుంది. నిట్‌కీ పర్ల్‌కీ మధ్య దారాన్ని అటూ ఇటూ మార్చేటప్పుడు అది సూది మీద పడి కుట్టులా కూర్చుంటుంది. తర్వాతి వరసలో అది కనిపిస్తే అల్లకుండా సూది మీంచి జారవిడవండి, ఏమీ కాదు. చిల్లు లేకుండా మధ్యలో పెరిగితే సూది మొన దారాన్ని చీల్చిందన్నమాట. సగం పోగులు ఒక కుట్టుగా, సగం మరో కుట్టుగా నిలబడ్డాయి. వదులుగా మెలిపెట్టిన దారానికి మరీ సూదిగా ఉన్న మొన పెడితే ఇలా జరుగుతుంది. ఇక వరస మధ్యలో అల్లిక ఆపి లేవకండి. తిరిగొచ్చి పట్టుకున్నప్పుడు దిక్కు తప్పితే ఒక పక్క రెండు వరసలు ఎక్కువై అల్లిక వాలుతుంది. తప్పనిసరై లేచారనుకోండి, ఉండ దారం వేలాడుతున్న సూది కుడిచేతిలోకి రావాలని గుర్తుంచుకోండి.

ఇప్పుడు చేతిలో ఉన్న రెండడుగుల ముక్క. రెండేసి కుట్లు కలిపి తగ్గించుకుంటూ వస్తే సరిపోతుందని కొందరు చెబుతారు. ఒకటో రెండో పెరిగితే నిజమే. 13 తగ్గిస్తే మఫ్లర్ మధ్యలో పొట్ట వచ్చినట్టుంటుంది. పైగా సూది నంబరే తప్పు. కాబట్టి విప్పేయడమే నా సలహా. బాధగానే ఉంటుంది, కానీ దారం ఎక్కడికీ పోదు. విప్పుతూ కుర్చీ వీపుకు చుట్టండి, నాలుగు చోట్ల తెల్ల దారంతో వదులుగా ముడివేసి చిలపలా చేయండి. వంకరలు పోవడానికి గోరువెచ్చని నీళ్లలో పావుగంట ముంచి, పిండకుండా తువ్వాలులో ఒత్తి, నీడలో వేలాడదీయండి. వంకరల దారంతోనే మళ్లీ అల్లితే కుట్లు ఎగుడుదిగుడుగా వస్తాయి.

ఇస్త్రీ తగిలిన భాగం మాత్రం కత్తిరించి పక్కన పెట్టేయండి. మన దుకాణాల్లో ఉలన్ అని అమ్మేది చాలావరకు ఆక్రిలిక్, అంటే ఒక రకం ప్లాస్టిక్ దారం. గట్టి వేడి తగిలితే దాని పోగుల్లో ఉన్న వంపు, పొంగు శాశ్వతంగా పోతాయి. మీరు జీవం లేనట్టు జారిపోయిందన్నది సరైన మాట. ఎంత ఉతికినా అది తిరిగి రాదు. ఇంకొంచెం వేడి ఎక్కువైతే కరిగి ఇస్త్రీపెట్టెకు అంటుకుంటుంది.

అంచులు చుట్టుకోవడం మీ తప్పు కానే కాదు, ఆ కుట్టు స్వభావమే అంత. ఒక వరస నిట్, ఒక వరస పర్ల్ వేస్తే ముందువైపంతా నున్నగా, వెనకవైపంతా బుడిపెలుగా వస్తుంది. రెండు వైపులా లాగుడు సమానంగా ఉండదు. అందుకే పక్క అంచులు వెనక్కి, కింది పై అంచులు ముందుకు చుట్టుకుంటాయి. స్వెట్టర్‌కు ఆ కుట్టు వాడితే పక్కలు కుట్టేస్తారు కాబట్టి కనబడదు. మఫ్లర్‌కు నాలుగు వైపులా అంచు బయటే ఉంటుంది. రెండు పక్కలా ఐదేసి కుట్లు గార్టర్ అంచు (ప్రతి వరసలోనూ నిట్టే) వేస్తే కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. ఇదే కుట్టుతో పూర్తయిన మఫ్లర్ ఎవరి దగ్గరైనా ఉంటే దాన్ని నిలువునా మడిచి పక్కలు కుట్టేయమనండి. రెండు పొరల గొట్టమై బాగుంటుంది, వెచ్చదనమూ ఎక్కువ.

మీరు మాత్రం గార్టర్ వేయండి. అన్ని వరసలూ నిట్టే, పర్ల్ లేనే లేదు. రెండు వైపులా ఒకేలా గట్లు గట్లుగా వస్తుంది, చాపలా పరుచుకుంటుంది, చుట్టుకోదు. రెండు వరసలకొక గట్టు కాబట్టి వరసలు లెక్కపెట్టడం కూడా తేలిక. గార్టర్ పిల్లల కుట్టని చిన్నచూపు చూసేవాళ్లున్నారు. అది సరికాదు. చలి ఊళ్లో మెడకు చుట్టుకునేదానికి అంతకంటే మెత్తటిది, గాలిని పట్టి ఉంచేది మరొకటి లేదు. కొంచెం అందంగా కావాలంటే గింజల కుట్టు ప్రయత్నించండి. బేసి సంఖ్యలో, 31 కుట్లు ఎక్కించి, ప్రతి వరసా నిట్ ఒకటి, పర్ల్ ఒకటి, మళ్లీ నిట్ అంటూ నిట్‌తోనే ముగించాలి. కిందటి వరసలో మీకు ఎదురుగా బుడిపె కనిపించిన చోట నిట్, నున్నగా కనిపించిన చోట పర్ల్ వచ్చేలా స్థానాలు వాటంతటవే మారతాయి. ఒక్క కుట్టు పెరిగినా గింజలు వరస తప్పి నిలువు గీతలు కనబడతాయి. తప్పు వెంటనే పట్టిస్తుంది.

సూది సంగతికి వద్దాం. మన దేశంలో అమ్మే సూదుల నంబర్లు పాత బ్రిటిష్ లెక్క. నంబరు పెరిగేకొద్దీ సూది సన్నం. 10 నంబరు 3.25 మిల్లీమీటర్లు, 9 అంటే 3.75, 8 అంటే 4, 7 అంటే 4.5, 6 అంటే 5 మిల్లీమీటర్లు. అమెరికా లెక్క దీనికి తలకిందులు. అక్కడ నంబరు పెరిగేకొద్దీ సూది లావు, వాళ్ల 8 అంటే 5 మిల్లీమీటర్లు. వీడియోలో 5 మిల్లీమీటర్ల సూదితో అల్లిన లావు దారాన్ని మీరు 4 మిల్లీమీటర్ల సూదితో అల్లారు, అందుకే అట్టలా వచ్చింది. దుకాణంలో 6 నంబరు అడగండి. ఇకపై ఏ వీడియో చూసినా నంబరు వదిలేసి మిల్లీమీటర్లు చూడండి. ఒంటి కొక్కెం సూదితో అల్లే క్రోషా వీడియోలకూ ఇదే గందరగోళం ఉంది, అక్కడ పేర్లే మారిపోతాయి. అమెరికావాళ్లు సింగిల్ క్రోషా అనేదాన్నే బ్రిటిష్ వాళ్లు డబుల్ క్రోషా అంటారు. కొన్న 8 నంబరు సూదుల్ని పారేయకండి, వాటికి చివర్లో మంచి పని ఉంది.

మఫ్లర్ మొదలుపెట్టే ముందు ఒక పూట నమూనా ముక్కకు పెట్టండి. ఇది దాటేసేవాళ్లే ఎక్కువ, తర్వాత బాధపడేవాళ్లూ వాళ్లే. 6 నంబరు సూది మీద 26 కుట్లు ఎక్కించి గార్టర్‌లో 50 వరసలు అల్లండి, తేలిగ్గా ఉతికి, పరిచి ఆరబెట్టండి. మధ్య భాగంలో స్కేలు పెట్టి 10 సెంటీమీటర్లలో ఎన్ని కుట్లున్నాయో, ఎన్ని వరసలున్నాయో లెక్కించండి. అంచుల దగ్గర కొలవకండి, అక్కడ కుట్లు వదులుగా ఉంటాయి. ఇంత లావు దారానికి సుమారు 17 కుట్లు, 34 వరసలు రావచ్చు. మీ చేతి బిగువును బట్టి అటూఇటూ అవుతుంది, మీకు వచ్చిన అంకెతోనే లెక్కవేయాలి.

మఫ్లర్ వెడల్పు 18, పొడవు 160 సెంటీమీటర్లు అనుకుందాం. 10 సెంటీమీటర్లకు 17 కుట్లయితే 18కి 31, ఒకటి కలిపి 32 కుట్లు. పొడవుకు 544 వరసలు, అంటే 272 గట్లు. మొత్తం పదిహేడు వేల పైచిలుకు కుట్లు. కొత్తలో నిమిషానికి 15 కుట్లు పడతాయనుకున్నా 20 గంటలలోపే. రోజుకు గంట కూర్చుంటే మూడు వారాల్లో ఢిల్లీకి పార్శిల్ కట్టొచ్చు. 100 గ్రాములకు 200 మీటర్లు వచ్చే దారమైతే అల్లికకు సుమారు 160 గ్రాములు, కుచ్చులకు మరో 20 గ్రాములు పడుతుంది. నమూనాకు, తరుగుకు కలిపి 250 గ్రాములు ఉంచుకోండి. అన్ని ఉండల చీటీల మీదా లాట్ నంబరు ఒకటే ఉందో లేదో దుకాణంలోనే చూసుకోండి. ఒకే ఎరుపు రెండు లాట్లలో రెండు రకాలుగా ఉంటుంది. ట్యూబులైటు కింద తేడా తెలియదు, అల్లాక ఎండలో గీత గీసినట్టు కనబడుతుంది.

ఎక్కించేటప్పుడు తోక దారం గజం వదలండి, 32 కుట్లకు సరిపోయి జానెడు మిగులుతుంది. ఎక్కింపు బిగుసుకుపోతే కింది అంచు ముడుచుకుని గంటలా కనిపిస్తుంది. రెండు సూదులూ కలిపి పట్టుకుని వాటి మీద ఎక్కించి, తర్వాత ఒకటి లాగేస్తే ఆ బాధ ఉండదు. కొత్త ఉండ ఎప్పుడూ వరస మొదట్లోనే కలపండి. పాతదానికి, కొత్తదానికి 15 సెంటీమీటర్ల చొప్పున తోకలు వదలాలి. ఉండలో మధ్యలో ఫ్యాక్టరీ ముడి తగిలితే దాన్ని అల్లేయకండి, అక్కడ కత్తిరించి వరస మొదట్లో కలపండి. ఆ ముడులే రెండు ఉతుకుల తర్వాత ఊడి కుట్లు జారతాయి. చివర్లో కుట్లు దించేటప్పుడు ఒక నంబరు లావు సూది, అంటే 5.5 మిల్లీమీటర్లది వాడితే పై అంచు కింది అంచంత వదులుగా ఉంటుంది. తోకల్ని మొన మొద్దుగా ఉన్న పెద్ద సూదితో గట్ల వెంట ఎనిమిది, పది సెంటీమీటర్లు దూర్చి, ఒకసారి వెనక్కి తిప్పి కత్తిరించండి. దబ్బనం వద్దు, దారాన్ని చీలుస్తుంది. కుచ్చులకు 30 సెంటీమీటర్ల ముక్కలు నాలుగేసి, ఒక్కో చివర 16 కుచ్చులు చాలు. ముక్కలన్నీ ఒకే పొడవు రావాలంటే ఒక అట్టపుస్తకానికి చుట్టి ఒకవైపు కత్తిరించండి.

మనవడికి ఏ దారం మంచిది? ఢిల్లీలో జనవరి తెల్లవారుజామున 4, 5 డిగ్రీలకు దిగుతుంది. వెచ్చదనంలో గొర్రె ఉన్నిదే పైచేయి, కొద్దిగా తడిసినా వేడి నిలుపుతుంది. కానీ హాస్టల్ కుర్రాడు మఫ్లర్‌ను మిగతా బట్టలతో కలిపి మెషిన్‌లో వేస్తాడు. వేడినీళ్లు, రాపిడి కలిస్తే ఉన్ని పోగుల మీది పొలుసులు ఒకదాన్నొకటి పట్టుకుని, మఫ్లర్ సగానికి కుంచించుకుపోయి కంబళిముక్క అవుతుంది. మెడ దగ్గర దురద కూడా కొందరికి పడదు. అందుకే ఆక్రిలిక్ గానీ, ఉన్ని కలిసిన ఆక్రిలిక్ గానీ చాలు. మీ దగ్గరున్న దారంతోనే అల్లండి.

దారం అసలు ఏమిటో తెలియకపోతే, చీటీ కూడా లేకపోతే ఐదు సెంటీమీటర్ల ముక్క కాల్చి చూడవచ్చు. స్టీలు పళ్లెం మీద, పట్టకారుతో పట్టుకుని, పక్కన నీళ్లు పెట్టుకుని చేయండి. ఉన్ని మెల్లిగా కాలి దానంతటదే ఆరుతుంది, వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్లతో నలిపితే పొడి అవుతుంది. ఆక్రిలిక్ కరుగుతూ మండి, చివర గట్టి నల్లపూసలా మిగులుతుంది. నూలు కాగితంలా కాలి మెత్తటి బూడిద ఇస్తుంది.

కోడలి కాటన్ మఫ్లర్ సాగడానికి రెండు కారణాలు. నూలుకు ఉన్నిలాగా సాగి వెనక్కి వచ్చే గుణం లేదు, పైగా నీళ్లు తాగితే చాలా బరువెక్కుతుంది. తీగ మీద వేస్తే ఆ బరువంతా కుట్ల మీద పడి కిందికి లాగుతుంది. ఇప్పుడైనా దాన్ని మళ్లీ తడిపి, తువ్వాలులో ఒత్తి, నవారు మంచం మీద పొడి తువ్వాలు పరిచి దాని మీద పెట్టండి. రెండు చివరల నుంచీ అరచేతులతో మధ్యకు నెట్టి, అసలు కొలతకు తెచ్చి అలాగే ఆరనివ్వండి. చాలావరకు వెనక్కి వస్తుంది. ఈసారి నూలుతో అల్లితే దారం చీటీ మీద చెప్పినదానికంటే ఒక నంబరు సన్నటి సూది వాడండి, పొడవు పది సెంటీమీటర్లు తక్కువ పెట్టుకోండి.

గుంటూరు చుట్టుపక్కల నూలు మిల్లులున్నాయి కాబట్టి కోన్ దారం చవకగా దొరికితే వాడొచ్చా అన్నది మీకు తర్వాత వచ్చే ప్రశ్న. వాడొచ్చు, కానీ కౌంటు చూడాలి. కౌంటు పెరిగేకొద్దీ నూలు సన్నం. మంగళగిరి చీరలకు వాడే 80 కౌంటు మగ్గానికే గానీ అల్లిక సూదికి పనికిరాదు. 10 కౌంటు ఒంటిపోగు దారం గ్రాముకు 17 మీటర్లు వస్తుంది. ఎనిమిది పోగులు కలిపి చుట్టుకుంటే 100 గ్రాములకు 210 మీటర్ల దాకా వచ్చే, అల్లికకు వీలైన దారమవుతుంది. ఒంటిపోగులన్నీ ఒకే దిక్కు మెలి తిరిగి ఉంటాయి. నిట్, పర్ల్ వరసలు మార్చి అల్లితే ముక్క చతురస్రంగా ఉండక పక్కకు వాలుతుంది. గార్టర్‌లో ఆ వాలు చాలావరకు సర్దుకుంటుంది. రెండు పోగులు కలిపి ఎదురు మెలి పెట్టిన దారం దొరికితే అదే కొనండి. ముదురు ఎరుపు, మెరూన్ రంగులైతే తడిపిన తెల్లగుడ్డతో రుద్ది చూడండి, రంగు అంటితే వేరే రంగుతో కలపకండి.

మన ఊళ్లలో అసలు మఫ్లర్ అవసరమా అని ఎవరైనా అడిగితే నొచ్చుకోకండి. బెజవాడలోనైనా గుంటూరులోనైనా చలికాలంలో సైతం రాత్రి 15 డిగ్రీల కిందికి దిగడం అరుదు. ధనుర్మాసంలో తెల్లవారుజామున గుడికి వెళ్లేటప్పుడు, డిసెంబరులో ప్రకాశం బ్యారేజీ మీద పొద్దున్నే నడిచేటప్పుడు, రైలు ఏసీ పెట్టెలో పైబెర్తు మీద నూలు మఫ్లర్ హాయిగా ఉంటుంది. మే నెల ఎండకు మాత్రం అల్లింది పనికిరాదు. పొరలో గాలి నిలవడమే అల్లిక గుణం. ఎండకు పల్చటి నేత కండువానే సరైనది, ఎంత ముచ్చటగా అల్లినా దాని బదులు కాదు.

వేసవిలో అల్లేటప్పుడు చేతులకు చెమట పట్టి ఆక్రిలిక్ దారం ప్లాస్టిక్ సూది మీద కదలదు. అప్పుడు కుట్లు బిగుస్తాయి, బొటనవేలు నొప్పి పుడుతుంది. అల్యూమినియం సూది మీద జారుతుంది కానీ కొత్తవాళ్లకు మరీ జారి కుట్లు పడిపోతాయి. వెదురు సూదులు మధ్యేమార్గం. అరగంటకోసారి సూదులు పక్కన పెట్టి వేళ్లు చాచండి. ఉండను ఇత్తడి చెంబులోనో, స్టీలు డబ్బాలోనో పెట్టుకుంటే ఫ్యాను గాలికి గదంతా దొర్లదు. వంటింట్లోంచి నేరుగా వచ్చి సూదులు పట్టుకుంటే తెల్లదారానికి పసుపు అంటుతుంది. సబ్బు రాయగానే ఆ మరక ఎర్రబడుతుంది, కంగారు పడకండి, అది పసుపు గుణం. కడిగి ఎండలో వేస్తే రెండు మూడు పూటల్లో వెలిసిపోతుంది.

మిగిలిన ఉండలకు మన ఇళ్లలో గుమ్మం తోరణాన్ని మించిన పని లేదు. మీ 8 నంబరు సూదులు ఇక్కడ పనికొస్తాయి. మఫ్లర్‌కు తప్పయిన ఆ గట్టిదనమే మామిడాకుకు కావాలి, లేకపోతే ఆకు వేలాడి ముడుచుకుంటుంది. ఆకుపచ్చ దారంతో 2 కుట్లు ఎక్కించండి. ప్రతి వరసా నిట్టే. ప్రతి వరస మొదటి కుట్టులో ముందు నుంచి ఒకసారి, వెనక నుంచి ఒకసారి అల్లి ఒకటి పెంచుకుంటూ వెళ్తే 8 వరసలకు 10 కుట్లవుతాయి. తర్వాత 36 వరసలు పెంచకుండా, తగ్గించకుండా అల్లండి. ఆపైన ప్రతి వరస మొదట్లో రెండు కుట్లు కలిపి అల్లుతూ 8 వరసల్లో మళ్లీ 2కి తెచ్చి దించేయండి. సుమారు 13 సెంటీమీటర్ల పొడవు, 5 సెంటీమీటర్ల వెడల్పు ఆకు వస్తుంది. ముదురు ఆకుపచ్చతో మధ్యలో గొలుసు కుట్టు ఈనె వేస్తే అందానికి అందం, ఆకు నిటారుగా కూడా నిలబడుతుంది. 100 గ్రాములకు 25 ఆకుల దాకా వస్తాయి. మూడడుగుల గుమ్మానికి మూడేసి సెంటీమీటర్ల ఎడంతో 11 ఆకులు చాలు.

ఆకుల మధ్య బంతిపువ్వులకు పసుపు, నారింజ ఉండలు. మూడు వేళ్లకు 60 చుట్లు చుట్టి తీసి, నడుమ గట్టిగా ముడివేసి, రెండు పక్కల ఉచ్చులూ కత్తిరించి గుండ్రంగా దిద్దాలి. ముడికి ఉలన్ వాడకండి, బిగించేటప్పుడు తెగుతుంది, తెగకపోయినా సాగి పువ్వు రాలుతుంది. కుట్టుమిషన్ దారం నాలుగు పోగులు వాడండి. పువ్వు పల్చగా ఉందనిపిస్తే చుట్లు తక్కువైనట్టు, ముడి జారుతుంటే చుట్లు ఎక్కువైనట్టు. ఒక పువ్వుకు నాలుగు గ్రాములు పడుతుంది. ఆకుల్ని, పువ్వుల్ని గుచ్చే తాడును మాత్రం సాగని నూలు తాడుగా పెట్టండి. ఉలన్ జడ పెడితే నెల తిరక్కుండా మధ్యలో ఊయలలా దిగుతుంది.

రెండు సూదులు కుదరనివాళ్లు మీ నలుగురిలో ఉంటే క్రోషా సూది ఇవ్వండి. అక్కడ ఒకేసారి ఒక్క కుట్టే తెరిచి ఉంటుంది కాబట్టి జారే భయం తక్కువ. దారం కొంచెం ఎక్కువ తింటుందంతే. అది మనకు పరాయి విద్యేమీ కాదు, నరసాపురం లేసంతా ఆ ఒంటి సూదితో అల్లిందే. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

అమ్మకం గురించి. మఫ్లర్లతో మొదలుపెట్టవద్దు. ఒక్కోదానికి 20 గంటల పని, ఇక్కడ కొనేవాళ్లకు దాని అవసరం ఏడాదికి కొన్ని వారాలే. తోరణం వేరు. 11 ఆకులు, 10 పువ్వులు, కూర్పు కలిపి ఏడెనిమిది గంటల్లో అవుతుంది. శ్రావణమాసానికి, సంక్రాంతికి, ఉగాదికి ప్రతి గుమ్మానికీ అడుగుతారు. ధర కట్టేటప్పుడు దారం ఖర్చు ఒక్కటే వేసుకుని చేతి గంటలు వదిలేయకండి. అలా ఒకరు అమ్మితే మిగతా ముగ్గురూ ఆ ధరకే అమ్మాల్సి వస్తుంది. ముందు మీ నాలుగిళ్ల గుమ్మాలకే కట్టి ఒక వానాకాలం చూడండి. రంగు దిగుతుందా, తాడు సాగుతుందా, దుమ్ము ఉతికితే పోతుందా అన్నది కొన్నవాళ్లు అడిగేలోపు మీకు తెలిసి ఉండాలి.

పని పంచుకునేటప్పుడు తలొక తోరణం చేయకండి. అదే దారం, అదే సూది ఇచ్చినా నలుగురి చేతి బిగువు నాలుగు రకాలు, ఒకరి ఆకు 13 సెంటీమీటర్లు వస్తే ఇంకొకరిది 15 వస్తుంది. అందరిచేతా ఒక్కో ఆకు అల్లించి పక్కపక్కన పెట్టి చూడండి. ఇద్దరివి సరిగ్గా సరిపోతే ఆకులు వాళ్లిద్దరికీ, లేకపోతే ఒక్కరికే ఇవ్వండి. పువ్వులు ఒకరు, ఈనెలూ కూర్పూ మరొకరు చూసుకుంటారు. తయారైనవాటిని ప్లాస్టిక్ సంచిలో బిగించి పెడితే మన ఉక్కకు ముక్క వాసన వస్తుంది, పాత నూలు దిండుగలీబుల్లో ఉంచండి.